డెస్క్‌టాప్‌ను మాటతో నడపొచ్చా? నడపొచ్చు, కానీ మీరు అనుకుంటున్న అసిస్టెంట్‌తో కాదు

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. నాన్నగారికి చేతులు వణుకుతున్నాయి, మౌస్ పట్టుకుంటే బాణం ఒక చోట నిలవట్లేదు, ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌ను వాయిస్ అసిస్టెంట్‌తో నడపొచ్చా అన్నది మొదటిది. ఆయన రిటైరయ్యాక తెలుగులో ఉత్తరాలు, వ్యాసాలు రాసుకుంటున్నారు, ఇంగ్లీషు పెద్దగా మాట్లాడరు, మరి కంప్యూటర్ ఆయన తెలుగు వింటుందా అన్నది రెండోది. రెండింటికీ ఒకే జవాబు లేదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నేను మల్కాజిగిరిలో ఇంటి నుంచే పనిచేస్తాను. ఇంగ్లీషులో ఉన్న దస్తావేజులు, కోర్టు కాగితాలు తెలుగులోకి మార్చి టైపు చేసి ఇవ్వడం నా పని. ఏళ్ల తరబడి కీబోర్డు మీదే ఉండటంతో కుడి మణికట్టులో నరం నొక్కుకుపోయింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్లు మెలకువ వచ్చేసేది. డాక్టరు గారు కార్పల్ టన్నెల్ అని చెప్పి, కట్టు ఇచ్చి, టైపింగ్ బాగా తగ్గించమన్నారు. నాకు తిండి పెట్టేదే టైపింగ్. అప్పట్నుంచి మాటతో పనిచేయడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు రోజులో సగానికి పైగా పని నోటితోనే సాగుతోంది. కింద చెప్పేదంతా వాడి చూసి చెబుతున్నదే.

వాయిస్ అసిస్టెంట్ అని మనం ఒకే పేరుతో పిలిచేదాంట్లో నిజానికి మూడు వేర్వేరు పనులున్నాయి. అడిగిన దానికి జవాబు చెప్పడం ఒకటి. మనం చెప్పింది టైపు చేయడం ఇంకొకటి. మౌసూ కీబోర్డూ చేసే పనిని మాటతో చేయించడం మూడోది. డెస్క్‌టాప్ దగ్గర మొదటిదానితో పెద్ద ఉపయోగం లేదు. మిగతా రెండూ మీ నాన్నగారి లాంటివాళ్లకి, నా లాంటివాళ్లకి నిజంగా అక్కరకొస్తాయి. చాలామంది మొదటిది ప్రయత్నించి, ఇదేం పనికిరాదని అక్కడే వదిలేస్తారు.

ఆ మొదటిది ఎందుకు నిలబడలేదో చూడండి. మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10తో పాటు కోర్టానా అనే వాయిస్ అసిస్టెంట్‌ను తెచ్చి టాస్క్‌బార్ మీదే కూర్చోబెట్టింది. విండోస్ 11 వచ్చేసరికి అది టాస్క్‌బార్ మీంచి పోయింది, 2023లో ఆ యాప్‌నే ఆపేశారు. ఆపిల్ తన అసిస్టెంట్ సిరిని 2016లో మ్యాక్ కంప్యూటర్లలోకి తెచ్చింది. అది ఇంకా ఉంది, కానీ మ్యాక్ వాడే నా స్నేహితుల్లో దాన్ని పనికోసం పిలిచేవాళ్లు నాకు కనబడలేదు. కారణం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. ఫోన్లో అయితే చేతిలో బండి హ్యాండిల్ ఉంటుంది, లేదా చేతికి పిండి అంటుకుని ఉంటుంది, తెర చిన్నది, కీబోర్డు ఇంకా చిన్నది. అక్కడ నోటితో అడగడం తేలిక. డెస్క్‌టాప్ ముందు కూర్చున్న మనిషి చేతులు ముందే కీబోర్డు మీద ఉంటాయి, కళ్లు పెద్ద తెర మీద ఉంటాయి. వాతావరణం అడిగి జవాబు వినేలోపు రెండక్షరాలు కొట్టి చూసేసుకోవచ్చు. పైగా బల్ల దగ్గర మనం చేసే పనులు ఒక్క ముక్కలో చెప్పేవి కావు. ఆ ఫైలు తెరిచి, మూడో పేరాలో తేదీ మార్చి, పీడీఎఫ్ చేసి, పోయిన వారం వచ్చిన మెయిల్‌కి జవాబుగా పంపాలి. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ ఏఐ అసిస్టెంట్ కోపైలట్‌తో మాట్లాడొచ్చు, జవాబులు బాగానే చెబుతుంది. కానీ నాన్నగారికి ముందు కావాల్సింది జవాబులు కాదు, వణకని క్లిక్కు.

ఆ క్లిక్కు ఇచ్చేది విండోస్ 11లో వాయిస్ యాక్సెస్. 2022లో వచ్చింది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో స్పీచ్ అన్న చోట ఉంటుంది. మొదటిసారి ఒక భాష ఫైలు దించుకుంటుంది, ఆ తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, మాట కంప్యూటర్ దాటి పోదు. ఇంగ్లీషులో ఇండియా రకం ఎంచుకోండి, మన ఉచ్చారణకి తేడా బాగా తెలుస్తుంది. నాన్నగారు యాస మార్చుకోనక్కర్లేదు. "ఓపెన్", "స్క్రోల్ డౌన్" మనం రోజూ ఇంట్లో అనే తీరులోనే అంటే చాలు.

నేను దాన్ని ఎలా వాడతానో ఒక చిన్న పనితో చెబుతాను. "ఓపెన్ ఎడ్జ్" అంటాను, బ్రౌజర్ తెరుచుకుంటుంది. "షో నంబర్స్" అనగానే తెర మీద నొక్కదగిన ప్రతిదాని పక్కన ఒక చిన్న అంకె వస్తుంది. లింకులకి, బటన్లకి, మెనూలకి, పైన ఉన్న ట్యాబులకి కూడా. కావాల్సిన వార్త పక్కన 27 ఉందనుకోండి, "ట్వెంటీ సెవెన్" అంటే అది నొక్కేసినట్టే. చదువుతూ "స్క్రోల్ డౌన్". వెనక్కి రావాలంటే మళ్లీ అంకెలు చూపించమని, వెనక్కి వెళ్లే బాణం పక్కన ఉన్న అంకె చెప్పడమే. బాణాన్ని ఆ సన్నని లింకు మీద నిలబెట్టే అవస్థ ఇక లేదు. చెయ్యి వణికే మనిషికి మౌస్‌తో అన్నిటికన్నా కష్టం అదే.

అంకెలు అన్నిచోట్లా రావు. నాన్నగారు ఈపేపర్ చదువుతారన్నారు కదా, పేజీ మొత్తం ఒకే బొమ్మగా ఉండే సైట్లలో అంకెలు ఏ వార్తకీ అంటుకోవు. పాతకాలపు సాఫ్ట్‌వేర్లలోనూ అంతే, పేజీలు కూర్చడానికి నేను వాడే పేజ్‌మేకర్‌లో సగం బటన్లకి అంకె రాదు. అలాంటప్పుడు "షో గ్రిడ్" అనాలి. తెర తొమ్మిది గళ్లుగా విడిపోతుంది. మనకి కావాల్సిన వార్త ఏ గడిలో ఉంటే ఆ అంకె చెబితే, ఆ గడి మళ్లీ తొమ్మిది గళ్లవుతుంది. అలా రెండు మూడు మెట్లలో సరిగ్గా ఆ చోటికి చేరి "క్లిక్" అనొచ్చు. మొదట్లో నెమ్మదిగా అనిపిస్తుంది, ఓపిక పట్టమనండి. వారం తిరిగేసరికి ఏ గడిలో ఏముంటుందో కళ్లకి అలవాటైపోతుంది.

ఇంకో రెండు మాటలు మొదటి రోజే నేర్పండి. "వాయిస్ యాక్సెస్ స్లీప్" అంటే వినడం ఆపుతుంది, "వాయిస్ యాక్సెస్ వేక్ అప్" అంటే మళ్లీ వింటుంది. ఇది రాకపోతే ఇంట్లో ఎవరో ఫోన్ మాట్లాడుతుంటే ఆ మాటలన్నీ కమాండ్లనుకుని తెర మీద ఏవేవో తెరుస్తుంది, పెద్దాయన కంగారు పడతారు. "వాట్ కెన్ ఐ సే" అంటే ఏమేం అనొచ్చో జాబితా చూపిస్తుంది కానీ అది ఇంగ్లీషులో, చాలా పొడుగు. అంతకంటే ఒక కాగితం మీద పది పన్నెండు కమాండ్లు తెలుగు లిపిలో పెద్దక్షరాలతో రాసి మానిటర్ పక్కన అతికించండి. మా పక్కింటి పెద్దావిడకి అలాగే చేశాను. ఆవిడ ఇంగ్లీషు చదవలేరు, కానీ ఆ కాగితం చూసి "షో నంబర్స్" అని నిక్షేపంగా అంటారు.

ఇక మైకు. అన్నిటికంటే ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, కాబట్టి దీన్ని వివరంగా చెప్పాలి. ల్యాప్‌టాప్‌లో మైకు లోపలే ఉంటుంది. డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో అసలు మైకే ఉండదు. ఇంట్లో ఉన్న ఫోన్ ఇయర్‌ఫోన్లు పెడదామనుకుంటారు. వాటి పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, అంటే వినే తీగ, మాట్లాడే తీగ ఒకే పిన్నులో ఉన్నాయన్నమాట. చాలా డెస్క్‌టాప్‌లకి వినడానికి ఆకుపచ్చ రంధ్రం, మైకుకి గులాబీ రంధ్రం వేరువేరుగా ఉంటాయి. ఆ ఒక్క పిన్ను ఆకుపచ్చదాంట్లో పెడితే పాట వినబడుతుంది, మైకు మాత్రం పలకదు. రెండు పిన్నులుగా విడదీసే చిన్న వైరు ఒకటి దొరుకుతుంది, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఏ షాపులో అడిగినా ఇస్తారు. కానీ కొనేటట్టయితే యూఎస్‌బీ హెడ్‌సెట్ కొనండి, మైకు కాడ నోటి దాకా వచ్చేది. వెబ్‌క్యామ్‌లో ఉండే మైకు వద్దు. అది దూరంగా ఉంటుంది, మన మాట కంటే నెత్తిమీది ఫ్యాన్ చప్పుడే ముందు దానికి చేరుతుంది. వణుకుతో పాటు గొంతు కూడా నెమ్మదించిన పెద్దవాళ్లకైతే నోటి పక్కన మైకు ఉండి తీరాలి. మా వీధిలో పాత సామాన్ల బండి రికార్డు వేసుకుంటూ వస్తుంది, వెబ్‌క్యామ్ మైకు వాడినన్నాళ్లూ ఆ మాటలు నా దస్తావేజులోకి వచ్చేసేవి. హెడ్‌సెట్ పెట్టాక ఆ బాధ లేదు. కుక్కర్ కూతకి మాత్రం ఒక్క క్షణం ఆగడమే మేలు.

తెలుగులో రాయడం సంగతికొద్దాం. ఇది ఇప్పుడు నిజంగా పనికొచ్చే స్థాయిలో ఉంది. గూగుల్ 2017లో తెలుగు మాటను టైపు చేయడం మొదలుపెట్టింది. డెస్క్‌టాప్‌లో అయితే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్ నొక్కి, భాష తెలుగు పెట్టుకోవాలి. మైకు గుర్తు ఎర్రబడితే వింటున్నట్టు. వేరే ట్యాబ్‌లోకి వెళ్తే వినడం ఆగిపోతుంది, అది గుర్తుంచుకోండి. విండోస్ 11లో కూడా తెలుగు కీబోర్డుకి మారి విండోస్ కీ, హెచ్ కలిపి నొక్కితే ఏ యాప్‌లోనైనా తెలుగులో చెప్పి రాయించుకోవచ్చు. ఈ రెండింటికీ ఇంటర్నెట్ కావాలి, మన మాట వాళ్ల సర్వర్లకి వెళ్తుంది. అందుకే నేను కక్షిదారుల పేర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఎప్పుడూ నోటితో చెప్పను, ఎడమ చేత్తో నెమ్మదిగా కొట్టుకుంటాను. నాన్నగారికి కూడా పాస్‌వర్డులు, ఓటీపీలు పైకి చదవొద్దని ముందే చెప్పండి. గదిలో ఎవరున్నారో చూసుకోవాల్సిన సంగతి ఇది.

తప్పులు ఎక్కడొస్తాయో తెలిస్తే దిద్దుకోవడం తేలిక. మామూలు వాక్యాలు, ఉత్తరంలో రాసే మాటలు చాలా శుభ్రంగా వస్తాయి. ఇంగ్లీషు కలిపి మాట్లాడినా రిజిస్ట్రేషన్, ఆఫీసు, అపార్ట్‌మెంట్ లాంటివి తెలుగు లిపిలోనే పడతాయి. ఇబ్బందల్లా మాటలు ఎక్కడ కలపాలి, ఎక్కడ విడదీయాలి అన్న దగ్గర. నా పనిలో రోజూ తగిలేది చెబుతాను. "ప్రతివాది" అంటాను, తెర మీద "ప్రతి వాది" అని రెండు ముక్కలుగా పడుతుంది. కోర్టు కాగితంలో ఆ ఒక్క ఖాళీతో కేసు ఎవరి మీద వేశారో తారుమారవుతుంది. అందుకని చెప్పి రాయించింది ఏదైనా ఒకసారి గట్టిగా చదువుకుని పంపాలి, మనసులో చదివితే కన్ను ఆ ఖాళీని దాటిపోతుంది. చుక్క, కామా తెలుగులో నోటితో చెబితే నాకు నమ్మకంగా పడవు, అవి చేత్తోనే పెడతాను. ఇంకొకటి, నాన్నగారు "వస్తున్నరు", "పోయినం" అని మాట్లాడే ఇలాకా వాళ్లయితే, అది చాలాసార్లు "వస్తున్నారు", "పోయాము" అని మార్చేస్తుంది. ఆయన తన యాసలోనే రాసుకోవాలనుకుంటే దిద్దుబాటు ఎక్కువ పడుతుంది. నాకు ఇది బాధగా ఉంటుంది. పెద్దవాళ్లు రాసుకునే జ్ఞాపకాలకి ఆ యాసే ప్రాణం.

ఆయన వ్యాసాలు అచ్చు వేయిస్తారేమో అడిగి చూడండి. ఎందుకంటే చిక్కడపల్లి, హిమాయత్‌నగర్ వైపు డీటీపీ వాళ్లలో చాలామంది ఇంకా అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలోనే పనిచేస్తారు. మాటతో రాయించింది యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే అక్షరాల పద్ధతిలో ఉంటుంది, అది నేరుగా అను పేజీలో పెడితే అక్షరాలు కనబడవు. కన్వర్టర్‌తో మార్చాలి, మార్చాక వొత్తులు, సంయుక్తాక్షరాలు ఒకసారి చూసుకోవాలి. ఇన్‌డిజైన్ వాడే చోట యూనికోడ్‌నే తీసుకుంటారు. ముందే అడిగితే రెండోసారి టైపు చేయించే ఖర్చు తప్పుతుంది.

వాయిస్ యాక్సెస్‌నీ, తెలుగు వాయిస్ టైపింగ్‌నీ రెండూ ఒకేసారి వినేలా పెట్టకండి, గందరగోళమవుతుంది. నేను ఒకదాన్ని నిద్రపుచ్చి రెండోది తెరుస్తాను. వాయిస్ యాక్సెస్‌లో మనకి మనం సొంత కమాండ్లు చేసుకునే వీలు కూడా ఉంది. ఒక మాట అంటే ముందే దాచుకున్న పేరా మొత్తం అతికించేలా పెట్టుకోవచ్చు. దస్తావేజుల్లో ప్రతిసారీ వచ్చే వాక్యాలకి నేను అలాగే చేసుకున్నాను. నాన్నగారికైతే ఇంటి చిరునామా, ఉత్తరం చివర సంతకం దగ్గర రాసే నాలుగు లైన్లు అలా పెట్టివ్వండి.

అంతా నోటి మీదే వేయకండి. రోజంతా మాట్లాడితే గొంతు అలిసిపోతుంది, నాకు సాయంత్రానికి బొంగురుపోతుంది. మధ్యలో నీళ్లు తాగుతూ, కాసేపు మౌస్‌తో కాసేపు మాటతో మార్చుకుంటూ పోవాలి. మౌస్‌ని కూడా చేతికి తగ్గట్టు మార్చొచ్చు. బాణం వేగం తగ్గించండి, గుర్తుల సైజు పెంచండి. మౌస్ సెట్టింగ్స్‌లో క్లిక్‌లాక్ అని ఉంటుంది, అది పెడితే బటన్ నొక్కి పట్టుకోకుండానే ఫైలుని లాగొచ్చు. కీబోర్డు మీద వేలు వణికి ఒకే అక్షరం నాలుగైదు సార్లు పడుతుంటే ఫిల్టర్ కీస్ ఆన్ చేయండి, వెంటవెంటనే పడే నొక్కుళ్లని అది పట్టించుకోదు. రెండు మూడు కీలు కలిపి నొక్కాల్సినప్పుడు స్టిక్కీ కీస్ ఉంటే ఒకదాని తర్వాత ఒకటి నొక్కొచ్చు. ఇవన్నీ యాక్సెసిబిలిటీలోనో మౌస్ సెట్టింగ్స్‌లోనో ఏళ్లుగా ఉన్నవే, పైసా ఖర్చు లేదు.

మ్యాక్ ఉంటే 2019 నుంచి వస్తున్న వాయిస్ కంట్రోల్ ఇదే పని చేస్తుంది, అంకెలూ గళ్లూ అందులోనూ ఉన్నాయి.

మీ రెండో ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, రాయడానికి తెలుగు ఉంది, నడపడానికి తెలుగు లేదు. "కిందికి జరుపు", "అంకెలు చూపించు" అంటే నేను ఇది రాసే నాటికి వాయిస్ యాక్సెస్ వినదు. నాకు దీని మీద పట్టుదల ఉంది. తెలుగు గుర్తించడం కష్టమన్న రోజులు పోయాయి. గూగుల్ వింటోంది, మాటను రాతగా మార్చే విస్పర్ అన్న సాఫ్ట్‌వేర్ 2022లో వచ్చింది, అందులో తెలుగు ఉంది, ప్రభుత్వం అదే ఏడాది భారతీయ భాషల కోసం భాషిణి మొదలుపెట్టింది, మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో తెలుగు మాట మీద ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. ఒక వ్యాసం మొత్తం విని రాయగలిగిన చోట ఓ వంద కమాండ్లు వినడం అంతకంటే పెద్ద పనేమీ కాదు. మైక్రోసాఫ్ట్‌కి హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ 1998 నుంచీ ఉంది, అక్కడ పనిచేసేవాళ్లలో తెలుగువాళ్లకి కొదవా? చెయ్యి సహకరించని తెలుగు మనిషికి తన కంప్యూటర్ తన భాషలో నడవాలి, అది దయతో ఇచ్చేది కాదు. విండోస్ కీ, ఎఫ్ కలిపి నొక్కితే ఫీడ్‌బ్యాక్ హబ్ తెరుచుకుంటుంది. వాయిస్ యాక్సెస్‌లో తెలుగు కావాలని అక్కడ రాయండి, ఇది చదివిన మిగతావాళ్లు కూడా రాయండి. నేను రాశాను, మళ్లీ రాస్తాను.

చివరిగా ఒకటి చూసి చెప్పండి. నాన్నగారి కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 10నా, 11నా? విండోస్ 10 అయితే వాయిస్ యాక్సెస్ రాదు, అందులో ఉన్న పాత స్పీచ్ రికగ్నిషన్ మన ఉచ్చారణకి అంత బాగా పనిచేయదు, పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరుతో అయిపోయింది. 11 ఎక్కించాలంటే ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "టీపీఎం.ఎంఎస్‌సీ" (tpm.msc) అని ఇంగ్లీషులో టైపు చేస్తే ఆ టీపీఎం ఉందో లేదో చూపిస్తుంది. ప్రాసెసర్ పేరు, అది చూపించిందేమిటో ఇక్కడే రాయండి, ఉన్న మెషీన్‌తోనే సరిపోతుందో లేదో చూసి చెబుతాను. అది తేలేదాకా గూగుల్ డాక్స్‌లో తెలుగు చెప్పి రాయడం ఈ రోజే మొదలుపెట్టించొచ్చు, దానికి విండోస్ 10 అయినా చాలు.